తాగని పసరు

మా బాపు బోర్డు ముందే రాయించేశాడు. నా పరిశోధన అప్పటికి సగం కూడా కాలేదు. మేడ్చల్‌లో మా పిండిగిర్నికి పేరు రాసిన పెయింటరే ఇంటికి వచ్చి, నల్ల రేకు మీద పసుపు అక్షరాలతో నా పేరు రాసి, దాని వెనక నా చదువులన్నీ రైలు పెట్టెల్లా తగిలించాడు. పేరుకు ముందు మాత్రం జానెడు జాగా ఖాళీగా వదిలాడు.

"గీడ డాక్టరని రాయాలె. ఇప్పుడు గాదు, బిడ్డ డాక్టరైనంక," అని బాపు పెయింటర్‌కు చెప్పాడు. చెప్పడమంటే మామూలు చెప్పడం కాదు. ఏళ్ల తరబడి గిర్ని బెల్టు చప్పుడు మీద అరిచి అరిచి ఆయన గొంతు ఆ స్థాయిలోనే గడ్డకట్టుకుపోయింది. మా బాపు రహస్యం చెబితే షామీర్‌పేట చెరువు మీది కొంగలు లేచిపోయేవి. కాబట్టి నేను డాక్టర్ని కాబోతున్న సంగతి, ఊళ్లో ఆగిన నిజామాబాద్ బస్సుల్లోని ప్రయాణికులతో సహా, మేడ్చల్ మొత్తానికి ఆ పూటే తెలిసిపోయింది. ఇక కూరగాయలకు పోయినా, ఆటో ఎక్కినా అదే ప్రశ్న: "ఏమాయె, డాక్టరైనవా?" కొందరు ఆత్రంకొద్దీ నాలుక చాపి చూపించేవాళ్లు. నేను ఆ డాక్టర్ని కాదు, తిండి మీద పరిశోధన చేస్తున్నానని చెబితే, "బువ్వకు డాక్టరేందమ్మా?" అని నాలుక లోపలికి తీసుకునేవాళ్లు.

తొంభైలు ముగిసి రెండువేలు మొదలైన రోజులవి. మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో పొద్దున ద్రాక్షతోటగా ఉన్నది సాయంత్రానికి కాలేజీ అయిపోయేది. తీగలు తీసేసినా పందిరి మోసిన రాతి కడీలు అలాగే ఉండేవి, వాటి మీదే రేకులు వేసి క్లాసులు చెప్పేవాళ్లు. అలాంటి ఒక కాలేజీలో నేను ఆహార శాస్త్రం చెప్పేదాన్ని. వెనక ఆడపిల్లల హాస్టల్, దాని వెనక నీళ్ల సంపు. ఆ సంపు మూత సింధు నాగరికత తవ్వకాల్లో దొరికిన పెంకు అని నా గట్టి నమ్మకం. దాని పగుళ్లలోంచి తొండలు లోపలికి దిగి, జలకాలాడి, బయటికొచ్చి గోడ మీద ఒళ్లారబెట్టుకునేవి. ప్రతి వానాకాలం హాస్టల్‌లో కామెర్లు. పిల్లల కళ్లూ, వార్డెనమ్మ పసుపు రాసుకున్న మొహమూ ఒకే రంగుకు వచ్చేదాకా చూసి, అప్పుడు దవాఖానకు తోలి, మిగిలినవాళ్లకు సెలవులిచ్చేవాళ్లు. మూత మార్చించండి మహానుభావా అని కరస్పాండెంట్‌ను అడిగితే, "చూద్దాం మేడమ్" అనేవాడు. ఆ చూపు ఆయన గది గుమ్మం దాటి సంపు దాకా ఎప్పుడూ నడవలేదు.

నా పరిశోధన అక్కడే పుట్టింది. హాస్టల్ పిల్లలకు ఆహార భద్రతలో శిక్షణ ఇస్తే జబ్బులు తగ్గుతాయా? ఇదీ ప్రశ్న. తగ్గుతాయన్న జవాబు ముందే నా సంచిలో ఉంది. ప్రశ్నను ఆ జవాబు దాకా చేయిపట్టుకుని నడిపించడమే నా పని అనుకున్నాను. నగరంలో విశ్వవిద్యాలయంలో ఒక గైడ్ సార్ దొరికారు. ఆయన సంతకం చూడాల్సిందే తప్ప చెప్పలేం. కలం కాగితం మీద పెట్టాక రెండు సార్లు ఊరు చుట్టొచ్చి, ఒక చెరువు తవ్వి, దాని మధ్యలో చుక్క పెట్టి ఆగేది. ఆ చెరువు నా థీసిస్ మీద పడితే చాలు, మా బాపు వదిలించిన జాగా నిండుతుంది.

శిక్షణ మొదలుపెట్టాను. గోడల నిండా చార్టులు. నీళ్లు కాచి చల్లార్చి తాగాలి. వేడిగా ఉన్నప్పుడే తినాలి. తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. కోసిపెట్టిన పండ్లూ ఉల్లిగడ్డలూ బయట ముట్టొద్దు. ఒకరి గ్లాసు ఇంకొకరు తాగొద్దు. కాలేజీకున్న ఏకైక ప్రొజెక్టర్ పెట్టి క్రిముల బొమ్మలు చూపించాను. అది వేయగానే మా కాలేజీలోనే కాదు, దుండిగల్ దాకా కరెంటు మినుకుమనేదని నాకు అనుమానం. తెర మీద పెద్ద క్రిమి కనపడగానే ముందు బెంచీలోని సిద్దిపేట పిల్ల చెయ్యెత్తింది. ఆ పిల్ల నోరు విప్పితే క్లాసంతా పుస్తకాలు మూసేది.

"మేడమ్, గిదైతె నేను సూసిన."

"ఎక్కడ చూశావే?"

"మన మెస్సు సాంబార్ల. నేను పప్పనుకున్న."

నెలాఖరుకు పరీక్ష పెట్టాను. అందరూ అన్నీ రాశారు. నేను చెప్పనివి కూడా రాశారు. ఆ మార్కులు చూసి నాకు కళ్లు చెమర్చాయి, సంచిలోని జవాబు కిలకిలలాడింది. కాగితాలు చంకన పెట్టుకుని గేటు దాటితే ఏముంది, పానీపూరీ బండి చుట్టూ నా పరీక్ష రాసిన పిల్లలందరూ ముసిరి ఉన్నారు. బండివాడు కుండలో చెయ్యి ముంచితే మోచెయ్యి మునిగేది. ఒక్కోసారి ఆ కుండలో అతను తన చిన్ననాటి వస్తువులేవో వెతుక్కుంటున్నాడేమో అనిపించేది. అందరికంటే ముందు సిద్దిపేట పిల్ల, రెండు బుగ్గల్లో రెండు పూరీలు.

"ఇప్పుడే గదనే పరీక్ష రాసినవ్! బయట తినొద్దని నువ్వే రాసినవ్ గద!"

ఆ పిల్ల నింపాదిగా మింగి, నీళ్లు కూడా తాగి, అప్పుడు జవాబిచ్చింది. "రాసిన మేడమ్. పరీక్షైపోయింది గద!"

శిక్షణ మీద లోకంలో ఎంత పరిశోధన జరిగిందో నాకు తెలియదు గానీ, దానికి ముగింపు వాక్యం మాత్రం ఇదే.

ఆ వానాకాలం మళ్లీ కామెర్లు వచ్చాయి. ఇద్దరు పిల్లలను దవాఖానకు పంపగానే మిగిలినవాళ్లంతా ఆదివారం పొద్దున్నే ఆటోల్లో అలియాబాద్ బయల్దేరారు. ఆటో వెనక నంబరు ప్లేటు మీద కూడా ఒక పిల్ల కూర్చున్నట్టు నాకు గుర్తు. అలియాబాద్‌లో ఒక పెద్దాయన పసరు పోసేవాడు. పొలం చేసుకునే ముస్లిం కుటుంబం, ఊరంతటికీ చాచా. ఆకు నలిపి నలిపి ఆయన అరచేతులు పచ్చబడిపోయి, రెండు చేతులూ ఎత్తితే రెండు రామచిలుకలు ఎగిరినట్టుండేది. కామెర్లు వచ్చినవాళ్లకే కాదు, రాకుండా కావాలన్నా పోసేవాడు. పైసా ముట్టడు. ఆకు పేరు చెప్పడు. పేరు నోట పలికితే గుణం పోతుందని వాళ్లింటి కట్టుబాటు. కొడుక్కి కూడా ఆకును వేలితో చూపించాడే గానీ పేరు చెప్పలేదట.

అసలు సంగతి పసరు కాదు, పత్యం. చాచా దాన్ని పరేజ్ అనేవాడు. ముందు పరేజ్, వెనక మందు. మందు పోయడానికి వారం ముందే అది మొదలవ్వాలి, మందు తాగాక వానాకాలం దాటేదాకా సాగాలి. పిల్లలను ఏమంటాడో చూద్దామని నేనూ వెంట వెళ్లాను. చాచా అరుగు మీద నిలబడి, తాసిల్దారు హుకుం చదివినట్టు చదివాడు.

"సునో! కాగబెట్టిన నీళ్లే తాగాలె. పొయ్యి మీదికెల్లి దించిన బువ్వే తినాలె, సల్లగైతె ముట్టొద్దు. బయటి తిండి హరామ్. ఒకల గిలాస ఒకలు తాగొద్దు. చేతులు కడగకుంట ముద్ద నోట్ల పెడ్తే..." ఇక్కడ ఆగి, అందరి మొహాలూ చూసి, గొంతు తగ్గించాడు. "మందు తిరగబడ్తది."

ఆ రెండు మాటలకు పిల్లలంతా కడగని చేతులు వెనక్కి దాచుకున్నారు. గోడల నిండా అంటించిన నా చార్టు ఇది. అక్షరం మారలేదు. చివర్లో ఆయన కలిపిన రెండు మాటలే నాకు తట్టలేదు.

హాస్టల్‌కు తిరిగొచ్చిన పిల్లలను మీరు చూసి ఉండాల్సింది. మెడలో మంగళసూత్రంలా ఎవరి గ్లాసు వాళ్లు తాడు కట్టి వేలాడదీసుకున్నారు. నీళ్లు కాగలేదని వంటాయనను పొయ్యి దగ్గర ఘెరావు చేశారు. చేతులు ఎంత కడిగారంటే కాలేజీ దగ్గరి కిరాణంలో సబ్బులు నిండుకుని, దుకాణదారు కాలేజీలో పెళ్లేమైనా ఉందా అని అడిగాడు. పానీపూరీ బండివాడు ఈగలు తోలుకుంటూ, చివరికి ఈగలతోనే స్నేహం చేశాడు. మా ఇంట్లో చేసిన నువ్వుల లడ్డు తీసుకుపోయి సిద్దిపేట పిల్ల చేతిలో పెడితే, పాము పిల్లను పెట్టినట్టు వెనక్కి దూకింది.

"వద్దు మేడమ్. మందు మీదున్న."

"ఒక్కటే తినవే, నేనే చేసిన."

"గందుకే వద్దంటున్న. తిరగబడ్తె?"

సంపు మూత కూడా మారింది! మూత సరిగ్గా లేని నీళ్లు తాగితే మందు తిరగబడుతుందని చాచా అన్నాడో, పిల్లలే కల్పించారో తెలియదు. గుంపుగా వెళ్లి కరస్పాండెంట్ గది ముందు నిలబడ్డారు. తిరగబడిన మందు తాగినవాళ్లకు తగులుతుందా, తాగించినవాళ్లకు తగులుతుందా అన్నది ఆయనకు స్పష్టంగా లేదు. ఎందుకొచ్చిన పరేషాన్ అనుకున్నాడేమో, మర్నాటికి కొత్త ఇనప మూత వచ్చింది. తొండలు వేరే ఊరు చూసుకున్నాయి. ఆ తర్వాత ఆ ఏడు పసరు తాగిన పిల్లల్లో ఎవరికీ కామెర్లు రాలేదు.

ఈ ముచ్చటంతా గైడ్ సార్‌కు చెప్పాను. నా శిక్షణ తుస్సుమన్న కథ వింటున్నంతసేపూ ఆయన ఆవులించారు. పసరు అన్న మాట వినగానే కుర్చీలో నిటారుగా లేచారు.

"ఆకు! అమ్మా, అసలు సంగతి ఆకు! లోకమంతా మూలికల వెంట పడుతుంటే నువ్వు సబ్బుబిళ్లల వెంట పడ్డావేంటి? అంశం విస్తరిద్దాం. శిక్షణ, ఆహార భద్రత, మూలికా వైద్యం. మూడూ ఉంటే సదస్సులో మొదటి వరసలో కూర్చోబెడతారు."

ఆయన బావమరిదికి దూలపల్లిలో పళ్లపొడి చేసే షెడ్డు ఉందని నాకు తర్వాత తెలిసింది. పళ్లపొడి డబ్బాలు పట్టే మిషనే గొట్టాల మందుకూ, అంటే క్యాప్సూల్స్‌కూ, పనికొస్తుందట.

ఆకు పేరు రాబట్టడానికి సార్ స్వయంగా కారేసుకుని అలియాబాద్ వచ్చారు. చాచా ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, చాయ్ ఇప్పించి, వానల గురించి, వడ్ల ధర గురించి, తన మోకాలి గురించి మాట్లాడాడు. ఆకు దగ్గరికి మాత్రం రానివ్వలేదు.

"శాస్త్రం కోసం అడుగుతున్నానండీ, పేరు చెప్పండి," అన్నారు సార్.

"సారూ, మీ ఇంట్ల మేడమ్‌ను మీరు పేరు పెట్టి పిలుస్తరా?"

"పిలవను... అది గౌరవం కదా."

"గిదీ గంతే. ఇంకో చాయ్ దాగుండ్రి."

వచ్చేటప్పుడు సార్ వాకిట్లో రాలిన రెమ్మలు కొన్ని రుమాలులో చుట్టి కారు సీటు మీద పెట్టారు. కిటికీ అద్దం దించే ఉంది. మేము చెప్పుల కోసం వెతుక్కునేలోపు ఒక మేక తల లోపల పెట్టి, రెమ్మలను రుమాలుతో సహా నమిలి, సీటు కవరు రుచి కూడా చూసింది. ఆ మేకకు మటుకు చనిపోయేదాకా కామెర్లు రాలేదని నేను ఎక్కడైనా ప్రమాణం చేస్తాను.

అసలు మలుపు ఆ మరుసటి వానాకాలం వచ్చింది. చాచా ఆకు కోసుకొచ్చే గట్టు ఎవరో కొన్నారు. జేసీబీ వచ్చి గట్టూ, దాని మీది గడ్డీ గాదమూ అన్నీ కలిపి చదును చేసింది. తెల్లరాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, వెంచర్ అన్నారు. ఇంకెక్కడి ఆకూ చాచాకు పనికిరాదు. ఆ గట్టు ఆకే కావాలి. దాచిన కొద్దిపాటి ఆకుతో ముందొచ్చిన పిల్లలకు పసరు పోశాడు. మిగిలినవాళ్లు అప్పటికే వారం నుంచి పత్యం ఉండి వచ్చారు. వాళ్లకు చేతులు చూపించాడు. చిలకలు తెల్లబోయి ఉన్నాయి.

"ఆకు లేదు బేటీ. ఎతుకుతున్న. దొరికినంక కబురు పంపిస్త. గప్పటిదాంక పరేజ్ ఇడవకుండ్రి. ఇడిస్తె ఇగ నాకు తెల్వదు."

ఆకు దొరకలేదు, కబురు రాలేదు. లోకంలో ఎక్కడైనా ఏం చేస్తారు? మందే లేనప్పుడు పత్యమెందుకని మానేస్తారు. మా పిల్లలు మానలేదు! తాగని మందు తిరగబడుతుందేమోనని భయపడి, వానాకాలం మొత్తం కాగిన నీళ్లు తాగి, పొగలు కక్కే అన్నం తిని, గ్లాసులు మెడలో వేసుకుని తిరిగారు. సిద్దిపేట పిల్ల ఈ గుంపులోనే ఉంది. "చాచా కబురు పంపితె నేను రెడీగుండాలె గద మేడమ్," అనేది. మూడో గుంపు కొత్తగా చేరినవాళ్లు. వాళ్లు చేరేసరికే ఆకు అయిపోయింది, చాచా హుకుం వినలేదు, నా శిక్షణే దిక్కు. చక్కగా పరీక్ష రాశారు, నూటికి నూరు తెచ్చుకున్నారు, వరసగా పానీపూరీ తిన్నారు.

కామెర్లు వచ్చాయి. నా నూటికి నూరు పిల్లలకే వచ్చాయి. కొందరిని దవాఖానలో చేర్చాల్సి వచ్చింది. పసరు తాగిన గుంపు బాగుంది. పసరు తాగని, పత్యం మాత్రం ఉన్న గుంపు అంతే బాగుంది. నేను ఒకటికి పదిసార్లు చూసుకున్నాను. తేడా లేదు. ఉత్త పత్యమే కాపాడింది. ఆకుకు గుణం ఉందో లేదో దేవుడికి తెలియాలి. ఉంటే ఉండొచ్చు, నా పరిశోధన దాన్ని మటుకు చూడలేదు. నేను చూసింది ఒక్కటే. క్లాసులో చెబితే ఎక్కని మాట, అరుగు మీద మందుకు కట్టి చెబితే ఎక్కింది. మధ్య గుంపు గురించి ఒక అధ్యాయం నిండా రాసి, నా శిక్షణ ఓడిపోయిన సంగతి కూడా దాచకుండా రాసి, గైడ్ సార్ బల్ల మీద పెట్టాను.

సార్ చదివారు. కళ్లద్దాలు తీసి తుడిచి, మళ్లీ చదివారు.

"మొదటి గుంపు ఉండనీ అమ్మా. పసరు తాగారు, రోగం రాలేదు. భేష్. మూడో గుంపు కూడా ఉండనీ. తాగలేదు, వచ్చింది. ఇంకా భేష్. ఈ మధ్య గుంపు ఎందుకు?"

"ఉన్నారు కాబట్టి సార్."

"ఉన్నారు, నేను కాదనలేదు. కానీ ఉండాల్సిన అవసరమేముంది?"

"వాళ్ల అమ్మానాన్నలను అడగాలి సార్."

సార్ నవ్వలేదు. కలం తీసి పక్కన పెట్టారు. ఆ కలాన్ని చూపిస్తూ నెమ్మదిగా చెప్పారు. "ఆ అధ్యాయం తీసెయ్. ఆకు పనిచేసిందని రాయి. ఈ క్షణం సంతకం పెడతాను. పండగలోపు డాక్టరేట్ చేతికొస్తుంది. తీయనంటావా, నేను గైడ్‌ను కాను. ఇంకొకరు దొరుకుతారనుకోకు, ఈ విభాగంలో అందరం ఒకే టిఫిన్ డబ్బా తింటాం."

ఒకరి గ్లాసే ఇంకొకరు తాగొద్దని మా చార్టులో ఉంది సార్, ఇక డబ్బానా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆలోచించుకుని వస్తానన్నాను.

ముందు అలియాబాద్ పోయాను. చాచా నా వైపు ఉంటాడని కాదు, ఆయన మందు గురించి రాస్తున్నప్పుడు ఆయనకు చెప్పకుండా ఎలా? చెప్పాను. చాచా మంచం మీంచి లేచిన తీరుకు మంచం కూడా లేచింది.

"క్యా? మందు లేకుంట పరేజ్ పన్జేసిందంటవా? ఇంజన్ లేకుంట ఆటో నడిచిందన్నట్టున్నది!"

"నడుస్తది చాచా. షామీర్‌పేట దిగుట్ల డ్రైవర్లు ఇంజన్ బందు జేసి పోనిస్తలేరా?"

"గది దిగుడు రోడ్డు కాబట్టి!"

"పరేజ్ దిగుడు రోడ్డే చాచా."

"నా ఖాందాన్ మందును బద్నాం జేస్తవా?" అని అరిచాడు. లోపల్నుంచి చాచీ తొంగిచూసింది. కోళ్లు దడి దూకాయి. నేను కూర్చున్నచోటు నుంచి కదల్లేదు.

"చాచా, నీ మందు పన్జెయ్యదని నేను రాయలే. పరేజ్ పన్జేసిందని రాసిన. గా పరేజ్ ఎవలు జెప్పిన్రు? నువ్వే గద!"

చాచా ఒప్పుకోలేదు. చచ్చేదాకా ఒప్పుకోడని నాకు తెలుసు.

"ఆకు పేరు రాసినవా?"

"నాకు తెలిస్తె గద!"

"అచ్ఛా. ఇగ ఏమన్న రాస్కో పో. నా ఆకుకు నీ బుక్కుతోని ఏం పని?" అని, చాయ్ మాత్రం తాగకుండా పోనివ్వలేదు. వేడివేడిది, పొయ్యి మీంచి దించింది.

పిల్లలకు చెప్పడం అంతకంటే కష్టమైంది. నిజం తెలిస్తే పత్యం మానేసి మళ్లీ బండి దగ్గరికి పరిగెత్తుతారేమో. అట్లాగని పసరు మహిమ అని అబద్ధం చెబితే నాకూ సార్‌కూ తేడా ఏముంది? ఆకు దొరకని పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. పత్యమే మిమ్మల్ని కాపాడింది, ఆకు మీ దాకా రానేలేదు కదా అన్నాను. సిద్దిపేట పిల్ల మెడలోని గ్లాసు పట్టుకుని ఆలోచించింది.

"అంటే మేడమ్, ఇగ చాచా కబురు రాకున్నా మాకు ఫికర్ లేదా?"

"లేదు."

"మరి పత్యం ఇడిస్తె తిరగబడ్తదా?"

"తిరగబడ్తది."

"మందు తాగలే గద, ఏం తిరగబడ్తది?"

"కాగని సంపు నీళ్లు తిరగబడ్తయి. పానీపూరీ తిరగబడ్తది. నీ కడుపు తిరగబడ్తది. ఇంకేం తిరగబడాలె నీకు?"

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "గిట్ల ముందే తిట్టి చెప్తె అయిపోయేది గద మేడమ్. గా బొమ్మలు సూపిచ్చి టైమ్ ఖరాబ్ జేసినవ్," అంది. గ్లాసు మాత్రం మెడలోంచి తీయలేదు. అందరూ తీయలేదని చెప్పను. కొందరు ఆ సాయంత్రమే బండి దగ్గర కనపడ్డారు. కానీ పత్యం ఉంటామన్నవాళ్లు ఆకు పేరు చెప్పుకోకుండా, ఎవరికీ భయపడకుండా ఉన్నారు. వాళ్లను కాగితం మీద లేకుండా చేయమంటున్నారు సార్. వానాకాలమంతా నీళ్లు కాచుకుని తాగిన ఆడపిల్లలు, ఒక కలం పక్కన పెట్టగానే పుట్టనివాళ్లయిపోవాలట!

రెండు వారాలు గమనించాక విశ్వవిద్యాలయానికి వెళ్లాను. సార్ కలం మూత తీసే ఉంచారు.

"తీసేశావా?"

"లేదు సార్. ఇంకో పేజీ కలిపాను. వాళ్లకు నిజం చెప్పాక కూడా సగం మంది పత్యం మానలేదని."

"అయితే డాక్టర్ అనిపించుకోవాలని లేదన్నమాట."

"ఉంది సార్. మా బాపు బోర్డు కూడా రాయించాడు. కానీ మా పిల్లలను మింగి అనిపించుకోను. పత్యంలో ఉన్నాను."

సార్ కలానికి మూత పెట్టారు. ఆ చప్పుడు చిన్నదే, కానీ నాకు మాత్రం మేడ్చల్ రైల్వే గేటు పడినట్టు వినిపించింది. నా కాగితాల కట్ట చేతిలోకి తీసుకున్నాను. తలుపు దగ్గరికొచ్చాక వెనక్కి తిరిగి, "సార్, మీ బావమరిదిగారి గొట్టాల మందు వేసుకునేవాళ్లకు నీళ్లు కాచుకుని తాగమని డబ్బా మీద రాయించండి. మందు తప్పకుండా పనిచేస్తుంది," అన్నాను. మూల బల్ల దగ్గరున్న గుమాస్తా నవ్వు దాచుకోవడానికి దగ్గడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు.

బస్సులో మేడ్చల్ చేరేదాకా ధైర్యంగానే ఉన్నాను. మా వీధి మలుపు తిరగగానే ఆ ధైర్యం బస్సులోనే మరిచిపోయానని తెలిసింది. గోడ మీద బోర్డు ఎండలో తళతళలాడుతోంది. పేరు ముందు జానెడు నలుపు. దాని కింద బాపు, గిర్ని నుంచి వచ్చి ఒంటి నిండా పిండితో, తెల్లటి విగ్రహంలా నిలబడి ఉన్నాడు. అరుగు మీద పెయింటర్, డబ్బా, కుంచె. పండగలోపు అని నేను ఎప్పుడో నోరు జారిన మాట పట్టుకుని ముందే పిలిపించుకున్నాడు!

"ఏమాయె?" అన్నాడు బాపు. రెండు వీధుల అవతల ఎవరో కిటికీ తెరిచారు.

చెప్పాను. మధ్య గుంపు గురించి, తీసెయ్యమన్న సంగతి, నేను తీయనన్న సంగతి. బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. పిండి పోయి మొహం బయటికొచ్చింది.

"గా పిల్లలు నిజంగ ఉన్నరా?"

"ఉన్నరు బాపు."

"ఉన్నోళ్లను లేరని ఎట్ల రాస్తరే? నేను గిర్నిల జొన్నలు పోసినోనికి గోదుమ పిండి ఇస్తనా?" అని గర్జించి, పెయింటర్ వైపు తిరిగాడు. పెయింటర్ కుంచె పట్టుకుని బోర్డు వైపు అనుమానంగా చూస్తున్నాడు.

"మరి గీ జాగల ఏం రాయమంటవ్ సేటు? ఖాళీగుంటె మంచిగుండదు. పువ్వన్న ఏస్త."

"ఏం రాయకు, ఏం ఎయ్యకు," అన్నాడు బాపు, నిజామాబాద్ బస్సులకు కూడా వినపడేలా. "గట్లనే ఉండనీ. మేడ్చల్ల ఇప్పుడు ఖాళీ జాగకే గిరాకి ఎక్కువ!"